రావలసిన ఉత్తరం ఎక్కడ ఆగింది?

మెదక్ పట్టణంలో తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి ఉందనుకుందాం. ఇది మనం కల్పించుకున్న కథే. కాని ఇందులో జరిగే ప్రతి సంగతీ నిజంగా జరగగలిగినదే. మీలో కొందరికి ఈపాటికే జరిగి కూడా ఉంటుంది.

ఆ అమ్మాయికి తమ ఊరి పెద్ద చర్చి అంటే ఎంతో ఇష్టం. 1914లో మొదలై 1924లో పూర్తయిన ఆ కట్టడం గురించి తెలుగు వికీపీడియాలో నాలుగు వాక్యాలు చేర్చింది. వికీపీడియా అంటే ఎవరైనా చదవగల, ఎవరైనా దిద్దగల విజ్ఞాన సర్వస్వమని మీకు తెలుసు. తెలుగులో అది 2003 డిసెంబరులో మొదలైంది. అందులో వ్యాసాలు రాసేది జీతం పుచ్చుకునే ఉద్యోగులు కారు, ఎక్కడెక్కడో ఉండే ఔత్సాహికులు. ఒకరు రాస్తారు, ఇంకొకరు సరిచూస్తారు, మరొకరు "దీనికి ఆధారం ఏమిటి?" అని అడుగుతారు.

మన అమ్మాయి గంటల గోపురం ఎత్తు 175 అడుగులని రాసింది. ఆ పేజీని తన "వీక్షణ జాబితా"లో పెట్టుకుంది. ఎవరైనా దాన్ని మారిస్తే తనకు ఈమెయిలు పంపమని కోరింది. మర్నాడే ఒక ఈమెయిలు వచ్చింది. ఎవరో ఒక అక్షరదోషం దిద్దారట. చదివి సంతోషించి ఫోను పక్కన పెట్టేసింది. ఆ తరువాత రెండు వారాలు గడిచాయి. ఒక్క కబురూ లేదు.

"నేను రాసింది ఇంకెవ్వరూ చదవలేదు కాబోలు" అనుకుంది. మూడో వారం విసుగెత్తి పేజీ తెరిచి చూస్తే ఏముంది! గోపురం ఎత్తు గురించిన వాక్యం మాయమైంది. ఆ వ్యాసం చర్చా పేజీలో ఎవరో మర్యాదగానే అడిగారు, ఈ కొలత ఏ పుస్తకంలో ఉంది అని. ఆ అమ్మాయి సొంత చర్చా పేజీలో కూడా ఒక మాట రాసిపెట్టారు. వారం రోజులు ఎదురుచూశారు. జవాబు లేకపోయేసరికి వాక్యం తీసేశారు.

అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె దగ్గర పుస్తకం ఉంది, పేజీ నంబరుతో సహా ఉంది. అడిగారని తెలిస్తే ఆ క్షణమే చెప్పేది. అడిగినవారేమో ఆమెకు జవాబు చెప్పడం ఇష్టం లేదనుకున్నారు. ఆమేమో తనను ఎవరూ పట్టించుకోలేదనుకుంది. ఇద్దరిదీ తప్పు కాదు. మధ్యలో ఉత్తరం తప్పిపోయింది, అంతే!

మరి ఆ ఉత్తరం ఎక్కడ తప్పిపోయింది? దాన్ని పట్టుకోవడం ఎలా?

తాత చెప్పిన కిటుకు

మన అమ్మాయి తాతకు కంప్యూటరంటే ఏమిటో తెలియదు. ఆయన రైతు. మెదక్ దగ్గర మంజీరా నది మీద ఘనపురం ఆనకట్ట ఉంది. దాని నుంచి మహబూబ్ నహర్, ఫతే నహర్ అని రెండు కాలువలు పొలాలకు నీళ్ళు తీసుకుపోతాయి. తాతగారి మడి మహబూబ్ నహర్ కిందనే ఉంది, అదీ చిట్టచివర. చివరి మడివారికి నీళ్ళ కష్టం తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

"ఏమైంది బిడ్డా, గట్ల కూసున్నవ్?" అని అడిగాడు తాత.

"నాకు రావాల్సిన మెయిలు రాలే తాతా. యాడ పోయిందో ఏమో!"

"మన మడికి నీళ్ళు సుత గట్లనే రాకపోతయి గద. అప్పుడు ఏం జేస్తం?"

"ఆనకట్ట కాడికి పోయి చూస్తం."

"పిచ్చి బిడ్డా! అంత దూరం ఎవరు ఉరుకుతరు? ముందుగాల కాలువ నడిమిట్ల నిలబడి సూస్తం. గక్కడ నీళ్ళు పారుతున్నయంటే పైన అంత మంచిగనే ఉన్నట్టు. గండి కిందనే యాడనో ఉన్నది. గక్కడ నీళ్ళు లేవంటే కింద ఎతుకుడు దండుగ, పైకి పోవాలె."

తాతగారు చెప్పింది అచ్చమైన శాస్త్ర పద్ధతి. కాలువను పదహారు ముక్కలుగా ఊహించుకోండి. గండి ఒక్క ముక్కలోనే ఉంది. ఒక్కొక్క ముక్కా చూసుకుంటూ పోతే పదిహేను సార్లు చూడవలసి రావచ్చు. నడిమికి పోయి చూస్తే, ఒక్క చూపుతో ఎనిమిది ముక్కల మీద అనుమానం తీరిపోతుంది. మిగిలిన ఎనిమిదిలో మళ్ళీ నడిమికి పోతే నాలుగు మిగులుతాయి. తరువాత రెండు, ఆ తరువాత ఒకటి. నాలుగే చూపులు! కాలువ 1,024 ముక్కలైనా పది చూపులు చాలు. కావాలంటే 1,024ని వరసగా రెండుతో భాగించుకుంటూ పోయి చూడండి.

అయితే ఈ కిటుకు పనిచేయాలంటే ముందు కాలువ దారి తెలియాలి. కాబట్టి ఈమెయిలు ఏ దారిన నడుస్తుందో చూద్దాం.

తనకు తానే ఉత్తరం రాసుకున్న మనిషి

1971లో అమెరికాలోని కేంబ్రిడ్జ్ అనే ఊళ్ళో రే టామ్లిన్‌సన్ అనే ఇంజనీరు ఒక కంప్యూటరు నుంచి ఇంకొక కంప్యూటరుకు ఉత్తరం పంపాడు. ఆ రెండు కంప్యూటర్లూ ఒకే గదిలో పక్కపక్కనే ఉన్నాయి. అయినా వాటిని కలిపింది అర్పానెట్ అనే జాలం మాత్రమే. నేటి ఇంటర్నెట్టుకు అది తాత వంటిది. మనిషి పేరునూ కంప్యూటరు పేరునూ విడదీయడానికి @ అనే గుర్తును ఎంచుకున్నది ఆయనే. మొదట పంపిన ఉత్తరాలన్నీ తనకు తానే పంపుకున్న పరీక్షా ఉత్తరాలు. వాటిలో ఏం రాశాడో తరువాత ఆయనకే గుర్తు లేదు!

ఉత్తరం పంపి, అది చేరిందో లేదో పక్క యంత్రానికి పోయి చూడడం అన్నది ఈమెయిలుతోపాటే పుట్టిందన్నమాట. మనం ఇప్పుడు చేయబోయే పరీక్ష కూడా అటువంటిదే.

నేటి ఈమెయిలు ప్రయాణంలో నాలుగు మజిలీలు ఉన్నాయనుకోవచ్చు. పంపేవారి ఇల్లు ఒకటి, నడుమ దారి రెండు, అవతలి ఊరి పోస్టాఫీసు గుమ్మం మూడు, మన ఇంటి గడప నాలుగు.

మొదటి మజిలీ: అసలు బయలుదేరిందా?

రాని ఉత్తరాల్లో చాలా వాటిని అసలు ఎవరూ రాయనే లేదు! వినడానికి వింతగా ఉన్నా ఇది నిజం. మనకు కబురు పంపేది మనిషి కాదు, ఒక ప్రోగ్రాము. దానికి ఇచ్చిన నియమాలను అది తు.చ. తప్పకుండా పాటిస్తుంది.

మొదటి నియమం, అడగనిదే పంపదు. ఏయే సందర్భాల్లో ఈమెయిలు కావాలో మనం సెట్టింగుల్లో టిక్కు పెట్టాలి. తెలుగు వికీపీడియాలో ఈ సెట్టింగులను "అభిరుచులు" అంటారు. కొన్ని చోట్ల కబురు వెంటనే కావాలా, రోజుకొకసారి కలిపి కావాలా, వారానికొకసారి కావాలా అని అడుగుతారు. వారానికొకసారి అని ఎంచుకుని రెండో రోజే ఎదురుచూస్తే లాభమేముంది?

రెండో నియమం, చిరునామా నిజమైనదని రుజువయ్యే దాకా పంపదు. మనం చిరునామా ఇవ్వగానే ఆ చిరునామాకే ఒక ఈమెయిలు వస్తుంది. అందులోని లంకెను నొక్కితేనే అది మనదని ఖాయమవుతుంది. ఆ పని మరిచిపోతే మిగతా కబుర్లేవీ బయలుదేరవు.

చిరునామాలో ఒక్క అక్షరం తప్పినా అంతే సంగతులు. మన దేశంలో 1972 ఆగస్టు 15న పిన్‌కోడు ప్రవేశపెట్టారు. మెదక్ పట్టణానికి 502110. మామూలు ఉత్తరం మీద ఒక అంకె తప్పుగా వేసినా, ఊరి పేరు చూసి పోస్టుమాస్టరు సరిదిద్దగలడు. ఈమెయిలు దారిలో అటువంటి దయగల మనిషి లేడు. తప్పు చిరునామాను యంత్రం తప్పు చిరునామాగానే చదువుతుంది.

మూడో నియమం అన్నిటికన్నా చిత్రమైనది. వికీపీడియాలో మనం గమనిస్తున్న పేజీని ఎవరైనా మారిస్తే ఒక ఈమెయిలు వస్తుంది. ఆ తరువాత మనం లాగిన్ అయి ఆ పేజీని ఒకసారి చూసేదాకా, ఇంకెన్ని మార్పులు జరిగినా రెండో ఈమెయిలు రాదు! ఎందుకిలా పెట్టారు? ఒక పేజీని ఒకే రోజున యాభైసార్లు మార్చవచ్చు. యాభై ఉత్తరాలు వచ్చి పడితే మీరు విసిగిపోతారు. "ఒకసారి తలుపు తట్టాను, మీరు వచ్చి చూస్తే మళ్ళీ తడతాను" అన్నది ఆ ప్రోగ్రాము మర్యాద.

మన అమ్మాయి ఏం చేసిందో గుర్తుందా? మొదటి ఈమెయిలు చదివి సంతోషించి ఫోను పక్కన పెట్టేసింది. పేజీ తెరవలేదు!

రెండో మజిలీ: రెండు యంత్రాల సంభాషణ

ఉత్తరం బయలుదేరిందనుకుందాం. దాన్ని పంపే కంప్యూటరును సర్వరు అంటారు. ఆ సర్వరు @ గుర్తుకు కుడివైపున ఉన్న పేరును చూస్తుంది. ఆ పేరుగల సంస్థకు వచ్చే ఉత్తరాలను ఏ యంత్రం తీసుకుంటుందో ఇంటర్నెట్టులోని పేర్ల పట్టికను అడిగి తెలుసుకుంటుంది. 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించిన ఈ ఏర్పాటును డి.ఎన్.ఎస్. అంటారు. టెలిఫోను డైరెక్టరీ వంటిదన్నమాట.

తరువాత రెండు సర్వర్లూ మాట్లాడుకుంటాయి. ఏ మాటకు ఏ జవాబు చెప్పాలో జాన్ పోస్టెల్ 1982లో ఒక పద్ధతిగా రాసిపెట్టాడు. దానినే ఎస్.ఎం.టి.పి. అంటారు. అందులోని ఆజ్ఞలన్నీ నాలుగేసి ఇంగ్లీషు అక్షరాలవి. అందుకే "హలో" అనే మాటలో కూడా ఒక అక్షరం కోసేశారు! ఆ సంభాషణను తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

"హలో, నేను ఫలానా సర్వరును."
"250. సరే, చెప్పు."
"ఈ ఉత్తరం ఫలానావారి నుంచి."
"250. సరే."
"మెదక్ అమ్మాయికి ఇవ్వాలి."
"250. ఆమె పెట్టె మా దగ్గర ఉంది."
"ఇదిగో ఉత్తరం."
"354. చదువు. అయిపోయాక ఒక వరుసలో ఒంటరి చుక్క పెట్టు."

ఉత్తరమంతా చదివి, చివర చుక్క పెట్టగానే మళ్ళీ "250" అన్న జవాబు వస్తుంది. అంటే ఇక ఆ ఉత్తరం బాధ్యత అవతలి సర్వరుదే.

అన్నిసార్లూ ఇంత సాఫీగా జరగదు. జవాబు అంకె 4తో మొదలైతే "ఇప్పుడు వీలుపడదు, తరువాత రా" అని అర్థం. అపరిచిత సర్వరు మొదటిసారి వచ్చినప్పుడు కొన్ని సర్వర్లు కావాలనే ఇలా తిప్పి పంపుతాయి. నిజాయితీగల సర్వరు ఓపికగా మళ్ళీ వస్తుంది, దొంగ ఉత్తరాలవాళ్ళకు అంత ఓపిక ఉండదు. మామూలుగా అరగంటకో అంతకన్నా ఎక్కువసేపటికో మళ్ళీ ప్రయత్నిస్తారు. నాలుగైదు రోజుల దాకా ప్రయత్నం మానరాదని నియమం. కాబట్టి గంట ఆలస్యమైన ఉత్తరం తప్పిపోయినట్టు కాదు.

జవాబు అంకె 5తో మొదలైతే "వీలుపడదు, మళ్ళీ రావద్దు" అని అర్థం. 550 అంటే సాధారణంగా అటువంటి పెట్టే లేదని. 552 అంటే పెట్టెకు కేటాయించిన చోటు నిండిపోయిందని. అప్పుడు ఉత్తరం తిరుగుటపాలో పంపినవారికే పోతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. తిరుగుటపా పోయేది పంపినవారికి, మనకు కాదు! మన ఇంటికి రాలేక వెనుదిరిగిన ఉత్తరం గురించి మనకు చెప్పేవాడే ఉండడు. పైగా, పదేపదే తిరిగివచ్చే చిరునామాను చాలా సంస్థలు తమ జాబితా నుంచి కొట్టేస్తాయి. మీ పెట్టె నిండిపోయి వారం రోజులు ఉంటే, తరువాత ఖాళీ చేసినా ఉత్తరాలు రాకపోవడానికి ఇదొక కారణం. అప్పుడు చిరునామాను మళ్ళీ ఖాయపరచుకోవాలి.

మూడో మజిలీ: గుమ్మం దగ్గర కాపలాదారు

1978 మే 3వ తేదీన గ్యారీ థర్క్ అనే ఆయన తమ కంపెనీ కంప్యూటర్లు కొనండంటూ అర్పానెట్‌లోని సుమారు 400 మందికి ఒకే ఉత్తరం పంపాడు. అడగకుండా వచ్చిపడే ఇటువంటి ఉత్తరాలను నేడు స్పాం అంటున్నాం. ఆ ఒక్క చినుకూ తరువాత వరదైంది. వరదను ఆపడానికి ప్రతి గుమ్మం దగ్గరా కాపలాదారును పెట్టవలసి వచ్చింది. ఆ కాపలాదారు కూడా ప్రోగ్రామే.

అతడు మొదట ముద్రలు చూస్తాడు. ఏ సంస్థ పేరుతోనైనా ఎవరైనా ఉత్తరం రాయవచ్చు గదా! అందుకని "మా పేరుతో ఉత్తరాలు పంపే యంత్రాలు ఇవీ" అని సంస్థలు పేర్ల పట్టికలో ప్రకటిస్తాయి. దీన్ని ఎస్.పి.ఎఫ్. అంటారు. ఉత్తరం మీద గణితంతో చేసిన ముద్ర కూడా వేస్తాయి. దారిలో ఎవరైనా ఉత్తరంలో అక్షరం మార్చినా ఆ ముద్ర సరిపోదు. దీన్ని డి.కె.ఐ.ఎం. అంటారు. రోజుకు 5,000 కన్నా ఎక్కువ ఉత్తరాలు పంపేవారికి ఇవి తప్పనిసరి అని జీమెయిలు 2024 ఫిబ్రవరి నుంచి నియమం పెట్టింది.

ముద్రలు సరిగ్గా ఉన్నా కాపలాదారు ఊరుకోడు. ఉత్తరంలోని మాటలు చూస్తాడు. ఇక్కడ పనికివచ్చేది థామస్ బేయస్ అనే ఇంగ్లండు మతాచార్యుని గణితం. అది ఆయన పోయాక 1763లో అచ్చయింది. దాన్ని చిన్న లెక్కతో అర్థం చేసుకుందాం.

మీకు 100 ఉత్తరాలు వచ్చాయనుకోండి. అందులో 60 చెత్త, 40 మంచివి. "ఉచితం" అనే మాట చెత్తలో 30 ఉత్తరాల్లోనూ, మంచివాటిలో 2 ఉత్తరాల్లోనూ ఉంది. ఇప్పుడు "ఉచితం" అనే మాటతో 101వ ఉత్తరం వచ్చింది. అది చెత్త అయ్యే అవకాశమెంత? ఆ మాట ఉన్న ఉత్తరాలు మొత్తం 32. వాటిలో చెత్త 30. 30ని 32తో భాగిస్తే సుమారు నూటికి 94. కాపలాదారు దాన్ని చెత్తపెట్టెలో వేస్తాడు.

కాని ఆ మంచి ఉత్తరాలు రెండింటి సంగతి? "గ్రంథాలయంలో ఉచితంగా సైన్సు ప్రదర్శన" అన్న ఉత్తరం కూడా చెత్తతోపాటే పోతుంది! ఏ కాపలాదారుకైనా రెండు రకాల పొరపాట్లు తప్పవు. దొంగను లోపలికి వదలడం ఒకటి, చుట్టాన్ని బయట నిలబెట్టడం మరొకటి. ఒకదాన్ని బాగా తగ్గించబోతే రెండోది పెరుగుతుంది.

నేటి కాపలాదారులు మాటలతోపాటు ఇంకా అనేక సంగతులు చూస్తారు. ముఖ్యంగా మనల్ని చూసి నేర్చుకుంటారు. మనం ఏ ఉత్తరం మీద "స్పాం" అని నొక్కితే అటువంటివాటిని ఆ తరువాత అనుమానిస్తారు. ఇంకొక సంగతి. "250" అని ఉత్తరం పుచ్చుకున్నాకనే అది చెత్తపెట్టెకు పోతుంది. కాబట్టి పంపినవారి లెక్కలో ఉత్తరం చేరిపోయినట్టే. మన లెక్కలో రానట్టే. ఇద్దరూ నిజమే చెబుతున్నారు!

నాలుగో మజిలీ: ఇంటి గడప

పెట్టెలోకి వచ్చిన ఉత్తరం కూడా కంట పడకపోవచ్చు. కొన్ని పెట్టెల్లో ఉత్తరాలు ప్రకటనలు, కబుర్లు అని వేర్వేరు అరల్లోకి సర్దుకుంటాయి. మొదటి అర మాత్రమే చూసేవారికి రెండో అర సంగతి తెలియదు. ఎప్పుడో మనమే పెట్టుకుని మరచిన నియమం ఒకటి ఉత్తరాలను ఇంకెక్కడికో తరలిస్తూ ఉండవచ్చు.

ఒక్కొక్కసారి ఉత్తరం వస్తుంది, ఫోనులో గంట మోగదు. బ్యాటరీ ఆదా చేయమని ఫోనుకు చెబితే, అది ఈమెయిలు ప్రోగ్రామును నిద్రపుచ్చుతుంది. గంట మోగించే అనుమతి ఇవ్వకపోయినా అంతే. అందుకే "ఈమెయిలు రాలేదు" అనే ముందు, రానిది ఉత్తరమా, గంటా అని తేల్చుకోవాలి. పెట్టెను స్వయంగా తెరిచి చూస్తే ఆ సంగతి తేలిపోతుంది.

నడిమిట్ల నిలబడి చూద్దాం

ఇప్పుడు దారి తెలిసింది. తాతగారి కిటుకు ప్రయోగిద్దాం. మన అమ్మాయి ఇలా చేసింది.

మొదట స్నేహితురాలి ఈమెయిలు నుంచి తనకు ఒక ఉత్తరం రాయించుకుంది. అది నిమిషంలో వచ్చింది, గంట కూడా మోగింది. అంటే పెట్టె నిండలేదు, ఫోను బాగానే ఉంది. నాలుగో మజిలీ మీద అనుమానం చాలావరకు తీరింది.

తరువాత, నియమాలతో సంబంధం లేకుండా వెంటనే బయలుదేరే ఉత్తరాన్ని వికీపీడియా నుంచే తెప్పించాలి. పాస్‌వర్డు మరిచిపోయానని చెబితే అటువంటిది వస్తుంది. ఆ పరీక్షా చేసింది. గంట మోగలేదు. పెట్టెలో వెతికితే, అదిగో, చెత్తపెట్టెలో ఉంది! దాని కిందనే పది రోజుల నాటి ఇంకొక ఉత్తరం, తన సొంత చర్చా పేజీలో ఎవరో మాట రాశారన్న కబురు.

అది అక్కడికెలా పోయింది? ఆలోచిస్తే గుర్తుకొచ్చింది. ఒక ఆదివారం పెట్టె శుభ్రం చేస్తూ, ప్రకటనలన్నిటినీ ఒక్కసారిగా ఎంచి "స్పాం" నొక్కింది. వాటి మధ్య వికీపీడియా నుంచి వచ్చిన మొదటి ఉత్తరం కూడా ఉంది! కాపలాదారు ఆమె నేర్పిన పాఠమే నేర్చుకున్నాడు. ఆమె ఆ ఉత్తరాలను "స్పాం కాదు" అని గుర్తుపెట్టి, పంపినవారి చిరునామాను తన పరిచయస్థుల జాబితాలో చేర్చుకుంది.

"గండి దొరికింది తాతా!" అని గంతులు వేసింది.

"దొరికినది ఒక్కటే బిడ్డా. మడిలకు నీళ్ళొచ్చినయా?" అన్నాడు తాత.

అమ్మాయి మళ్ళీ చెత్తపెట్టె చూసింది. చర్చి పేజీలో జరిగిన మార్పులకు సంబంధించిన ఉత్తరాలు అక్కడ కూడా లేవు. నడుమ దారి బాగుందని తెలిసింది. చెత్తపెట్టెలోనూ లేవంటే అవి అసలు బయలుదేరలేదన్నమాట. అంటే రెండో గండి మొదటి మజిలీలోనే ఉంది. నియమాలు చదివితే సంగతి బోధపడింది. పేజీ తెరిచి చూడలేదు కాబట్టి ప్రోగ్రాము రెండోసారి తలుపు తట్టలేదు. ఒకే కాలువకు రెండు గండ్లు!

ఆమె లాగిన్ అయి పేజీని చూసింది. చర్చా పేజీలో పుస్తకం పేరు, పేజీ నంబరు రాసి, జవాబు ఆలస్యమైనందుకు కారణం చెప్పింది. మర్నాడు ఫోను మోగింది. ఆమె వాక్యం మళ్ళీ వ్యాసంలోకి వచ్చింది, ఈసారి కింద ఆధారంతో సహా.

నిశ్శబ్దం జవాబు కాదు

ఉత్తరం రాకపోవడానికి ఎన్ని కారణాలున్నాయో చూశారు గదా! వాటిలో "ఎవరూ రాయలేదు" అన్నది ఒక్కటి మాత్రమే. "నన్ను పట్టించుకోలేదు" అన్నది అసలు కారణమే కాకపోవచ్చు. కబురు లేకపోవడం నుంచి ఏ నిర్ణయానికైనా వచ్చే ముందు, కబురు వచ్చే దారి తెరిచి ఉందో లేదో చూడాలి. దూరదర్శినిలో నక్షత్రం కనిపించకపోతే, నక్షత్రం లేదనే ముందు కటకానికి మూత ఉందేమో చూసుకోవాలి గదా!

ఇంకొక సంగతి కూడా మరవకండి. పరీక్ష ఫీజు గడువు, ఉపకార వేతనం దరఖాస్తు వంటి ముఖ్యమైన విషయాలను ఈమెయిలు గంటకు వదిలేయకూడదు. వారానికొకసారి మీరే వెళ్ళి చూడండి. నీళ్ళు వస్తాయిలే అని చివరి మడి రైతు ఇంట్లో పడుకోడు.

మీరే చేసి చూడండి

1. ఇంట్లో పెద్దల అనుమతితో మీ పెట్టె నుంచి మీకే ఒక ఈమెయిలు పంపుకోండి. తరువాత వేరొక సంస్థలో పెట్టె ఉన్న స్నేహితునితో పంపించుకోండి. దేనికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి.

2. చెత్తపెట్టె తెరిచి పై వరుసలు మాత్రమే చదవండి. పొరపాటున చిక్కుకున్న మంచి ఉత్తరాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. జాగ్రత్త! అక్కడ నిజమైన మోసగాళ్ళ ఉత్తరాలే ఎక్కువ. వాటిలోని లంకెలు నొక్కకండి, ఓటీపీలు, పాస్‌వర్డులు ఎవరికీ చెప్పకండి.

3. ఒక లెక్క. 200 ఉత్తరాల్లో 120 చెత్త. "బహుమతి" అనే మాట చెత్తలో 45 ఉత్తరాల్లోనూ, మంచివాటిలో 5 ఉత్తరాల్లోనూ ఉంది. ఆ మాటతో కొత్త ఉత్తరం వస్తే అది చెత్త అయ్యే అవకాశం నూటికెంత? మీ బడిలో బహుమతి ప్రదానోత్సవానికి ఆహ్వానం వస్తే దాని గతి ఏమవుతుంది? ఆలోచించండి.